కొన్న ప్రాజెక్టు పక్కన పెట్టి, అమ్మ కొలతల పుస్తకం తెరవండి

ప్రశ్న: మాది విశాఖలోని గాజువాక. నేను ఫిట్టర్‌ని. మా ఆవిడ ఇంట్లో మిషన్ కుడుతుంది. మా అమ్మాయి ఈసీఈలో బీటెక్ అయ్యాక ఏడు నెలలు వెబ్ డెవలప్‌మెంట్ కోర్సు చేసింది. ఇంకో 14 రోజుల్లో రుషికొండలోని ఒక చిన్న కంపెనీలో ఇంటర్వ్యూ ఉంది. రోజూ అర్ధరాత్రి దాటేదాకా ప్రశ్నలు-జవాబుల పీడీఎఫ్ బట్టీ పడుతోంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు నలుగురూ కలిసి బయట కొనుక్కున్నారు. దాని గురించి అడుగుతారేమోనని ఒకటే టెన్షన్. తెలిసినాయన ఒకరు లక్షన్నర కడితే వేరే చోట ఉద్యోగం ఖాయం అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఉద్యోగం ఇచ్చే కంపెనీ మనకు జీతం ఇస్తుంది గానీ మన దగ్గర తీసుకోదు. మీ కష్టార్జితం ఇంట్లోనే ఉండనివ్వండి. రెండో మాట, అమ్మాయిని రాత్రి పదకొండుకల్లా పడుకోమనండి. నిద్ర లేని బుర్రకు నిన్న చదివింది ఇవాళ గుర్తుండదు.

ఇక్కడి నుంచి అమ్మాయికి చెబుతున్నాను.

అమ్మా, కొన్న ప్రాజెక్టును రెజ్యూమె నుంచి తీసెయ్. అది ఉంటే అడుగుతారు. "ఏం చేశారు" అంటే బట్టీ పట్టింది చెప్పేస్తావు. "ఇలాగే ఎందుకు చేశారు" అనగానే నోట మాట రాదు. నా దగ్గర మాక్ ఇంటర్వ్యూకి కూర్చున్న పిల్లల్లో ఎక్కువమంది ఆగిపోయేది సరిగ్గా అక్కడే. దాని బదులు నీ సొంతంగా చిన్నది ఒకటి కట్టు. ఎక్కడో వెతకనక్కర్లేదు, మీ అమ్మ కొలతల పుస్తకం ఉంది కదా. ఎవరి జాకెట్టుకు ఏ కొలతలు, ఎప్పటికి ఇవ్వాలి, అడ్వాన్స్ ఎంత ఇచ్చారు అన్నవి రాసుకునే ఒక వెబ్ పేజీ చాలు. కోర్సులో నేర్చుకున్నదానితో ఎనిమిది రోజుల్లో అవుతుంది.

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, ఇంటర్వ్యూలో అడిగేవి సగానికి సగం ఇందులోనే ఎదురవుతాయి. ఒకే ఆవిడ దసరాకి రెండు జాకెట్లు, సంక్రాంతికి మూడు ఇస్తుంది. ప్రతిసారీ పేరు, ఫోన్ నంబర్ మళ్లీ రాస్తామా? రాయం. అందుకే కస్టమర్లకు ఒక టేబుల్, ఆర్డర్లకు ఒక టేబుల్ పెట్టి, రెంటినీ ఫారిన్ కీతో, అంటే ఆర్డర్ పక్కన ఆ కస్టమర్ నంబర్ రాసి కలుపుతాం. "నార్మలైజేషన్ అంటే ఏమిటి" అని అడిగితే ఈ కథ చెప్పు చాలు. జాకెట్టు పొడవు పద్నాలుగున్నర అంగుళాలు అనుకో. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఆ కాలమ్‌ను పూర్ణాంకంగా పెడితే ఆ అర నిలవదు, 15 అయి కూర్చుంటుంది. డెసిమల్ (దశాంశం) ఎందుకు కావాలో మీ అమ్మకి చెప్పి చూడు, నీకంటే ముందు తనకే అర్థమవుతుంది. ఫోన్ నంబర్‌తో మనం లెక్కలు చేయం కాబట్టి దాన్ని టెక్స్ట్‌గానే దాచు.

ఫామ్ తయారయ్యాక కస్టమర్ పేరు దగ్గర డి'సౌజా అని కొట్టు, మధ్యలో ఆ కొమ్ముతో (అపాస్ట్రఫీతో) సహా. క్వెరీని, అంటే డేటాబేస్‌కు పంపే ఆదేశాన్ని, ముక్కలు ముక్కలుగా అతికించి రాసి ఉంటే అక్కడే ఎర్రర్ వస్తుంది. డేటాబేస్ ఆ కొమ్ము దగ్గర పేరు అయిపోయిందనుకుని, మిగతాది తనకిచ్చిన ఆదేశం అనుకుంటుంది. పాపం డి'సౌజా గారి పేరుకే ఇలా విరిగితే, కావాలని ఆదేశం రాసి పంపేవాడు ఏం చేయగలడో ఆలోచించు. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటే ఇదే. ఆదేశాన్నీ పేరునీ విడివిడిగా పంపే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌తో దాన్నే సరిచేసి, ముందు ఎలా ఉందో తరవాత ఎలా ఉందో రెండూ కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఉంచు. బ్రౌజర్‌లో చెకింగ్ పెట్టాను కదా అని సర్వర్‌లో వదిలేయకు. బ్రౌజర్‌ని ఎవరైనా దాటి రాగలరు.

ఆర్డర్ సేవ్ అయ్యాక పేజీ రిఫ్రెష్ చెయ్. అదే ఆర్డర్ రెండోసారి పడితే, పోస్ట్ (సమాచారం పంపడం) తరవాత రీడైరెక్ట్ (వేరే పేజీకి మళ్లించడం) చేయాలని నీకే తెలిసొస్తుంది. గెట్‌కీ (పేజీ తెప్పించుకోవడం) పోస్ట్‌కీ తేడా ఇక మర్చిపోవు.

జావాస్క్రిప్ట్‌లో మాత్రం ఒక పాత ప్రశ్నకి సిద్ధంగా ఉండు. ఐ అనే వేరియబుల్‌ని వర్‌తో ప్రకటించి సున్నా నుంచి మూడు సార్లు తిరిగే లూప్ రాసి, లోపల పనిని కాసేపు ఆగి చేయించే సెట్‌టైమౌట్‌తో ఐ విలువ ప్రింట్ చేస్తే ఏం వస్తుంది? 0, 1, 2 అనుకుంటాం, కానీ 3, 3, 3 వస్తుంది. లూప్ మొత్తం అయ్యాకే ఆ ఫంక్షన్లు నడుస్తాయి, అప్పటికి అందరికీ ఉన్నది ఒకే ఐ, దాని విలువ 3. వర్ బదులు 2015లో వచ్చిన లెట్‌తో రాస్తే ప్రతి చుట్టుకీ కొత్త ఐ పుడుతుంది. కాగితం మీద గీసి చెప్పు, క్లోజర్ (ఫంక్షన్ బయటి వేరియబుల్‌ని పట్టుకుని ఉండటం), ఈవెంట్ లూప్ (వాయిదా పడ్డ పనుల్ని వరసగా నడిపేది) రెండూ అందులోనే వచ్చేస్తాయి.

పేజీ రూపాన్ని దిద్దే సీఎస్‌ఎస్ కోసం బాక్స్ మోడల్ (ప్రతి భాగం చుట్టూ ఉండే ఖాళీ, అంచుల లెక్క), ఫ్లెక్స్‌బాక్స్ (వాటిని వరసలో అమర్చే పద్ధతి) చూసుకో. అడ్రస్ కొట్టి ఎంటర్ నొక్కితే ఏమవుతుందో కూడా సైటు పేరుకు సర్వర్ అడ్రస్ వెతికిచ్చే డీఎన్ఎస్ దగ్గర్నుంచి పేజీ కనిపించేదాకా వరసగా చెప్పగలగాలి. సర్వర్ పంపే ఎర్రర్ కోడ్‌లు 401కీ 403కీ తేడా తెలిసుండాలి: మొదటిది నువ్వెవరో తెలియదని, రెండోది తెలిసినా అనుమతి లేదని.

చివరి నాలుగు రోజులు కొత్తది ఏదీ ముట్టుకోకు. నీ పేజీ గురించి మొదట అమ్మకి తెలుగులో చెప్పు, తరవాత అదే చిన్న చిన్న వాక్యాల్లో ఇంగ్లిష్‌లో, గట్టిగా, ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటూ చెప్పు. తెలియని ప్రశ్న వస్తే తెలియదని చెప్పి, ఎలా కనుక్కుంటావో చెప్పు. అడిగేవాళ్లకి అది చాలా పనికొచ్చే జవాబు.

ఆ రోజు గాజువాక నుంచి రుషికొండ అంటే ఊరి ఈ చివర నుంచి ఆ చివరకి. ఎన్ఏడీ, మద్దిలపాలెం దగ్గర ఎంతసేపు ఆగుతావో చెప్పలేం. ఒక రోజు ముందు అదే వేళకి నాన్నతో వెళ్లి ఆఫీసు చూసి రా. ఇంటర్వ్యూ అయ్యాక వాళ్లు అడిగినవన్నీ తిరుగు బస్సులోనే రాసుకో. రానివి ఆ వారంలోనే అమ్మ పేజీ మీద చేసి చూడు. తరవాత ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపు.