చప్పట్ల తర్వాత సంగతి రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

కార్లు వాటంతటవే నడిచే స్వయంచాలిత రహదారి గురించి నువ్వు పంపిన వ్యాసం ఆసాంతం చదివాను. 1997 ఆగస్టులో అమెరికాలోని శాన్ డియేగో దగ్గర ఐ-15 రహదారిపై జరిగిన ప్రదర్శనను కళ్లకు కట్టావు. ఎనిమిది బ్యూక్ కార్లు, నడుమ ఆరున్నర మీటర్ల ఎడం, గంటకు దాదాపు వంద కిలోమీటర్ల వేగం, స్టీరింగ్ ముట్టుకునేవాళ్లు లేరు, దారి చూపేవి రోడ్డులో పాతిన అయస్కాంతాలు. బాగుంది. కానీ చప్పట్ల దగ్గరే వ్యాసం ముగించేశావు. ఆ తర్వాత కొంతకాలానికే అమెరికా రవాణా శాఖ ఆ కార్యక్రమానికి నిధులు ఆపేసింది. పాఠకుడికి కావలసింది ఆ కథ.

1997కల్లా నమూనా చూపాలని ఆదేశించింది 1991 నాటి కేంద్ర చట్టం. రోడ్లేమో రాష్ట్రాలవి, కార్లు కంపెనీలవి. అయస్కాంతాల రోడ్డు లేనిదే ఆ పరికరాలున్న కారు ఎవరు కొంటారు? అలాంటి కార్లు తిరగనిదే ఏ రాష్ట్రం రోడ్డు తవ్విస్తుంది? ఈ పీటముడిని నువ్వు తాకనేలేదు.

ఇంకో చిక్కు ఉంది, నాకైతే అదే అసలైంది. వరుసలోని మూడో కారు రెండో కారును గుద్దిందనుకో. అందులోని మనిషి, కారు తనను తానే నడుపుకుంటుందన్న భరోసాతో పేపరు చదువుకుంటున్నాడు. బీమా ఫారంలో ‘వాహనం నడిపిన వ్యక్తి’ అన్న గడిలో ఎవరి పేరు రాయాలి? పరిహారం కారు కంపెనీ ఇస్తుందా, సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లా, అయస్కాంతాలను సరిగా చూసుకోని రహదారుల శాఖా? ప్రయాణికుడి పొరపాటుకు అతని బీమాతో సరిపోయేది. యంత్రం పొరపాటైతే ఆ భారం కంపెనీ నెత్తిన పడుతుంది. ఏ కంపెనీ న్యాయవాదీ దానికి తేలిగ్గా తలూపడు.

జనం సంగతీ రాయి. ఆ ప్రదర్శన జరిగింది కారు పంచుకుని వెళ్లేవాళ్ల కోసం కేటాయించిన లేన్లలో. రేపు ఒక లేన్‌ను ఇలాంటి కొత్త కార్లకే వదిలేస్తే పాత కారువాడు పన్ను కట్టి పక్కకు తప్పుకోవాలి. పైగా రహదారి మీద రెట్టింపు కార్లు దౌడు తీసినా, దిగాక అవన్నీ ఆగేది ఊళ్లోని అదే సిగ్నల్ దగ్గర.

అన్నట్టు, పేజీకొక ‘అద్భుతం’ ఉంది, తీసెయ్యి. అయస్కాంతాల వర్ణన ఒక పేరాకు కుదించి, బీమా గడితో మొదలుపెట్టి తిరగరాసి పంపు. సంక్రాంతిలోగా అందితే తీరిగ్గా చూస్తాను.

నీ శ్రేయోభిలాషి