పందుల లాలాజలంతో రోగ పరీక్ష: తాడు కడితే చాలా?

ప్రశ్న: మా షెడ్డులో ఆరు గదుల్లో 110 పందులున్నాయి. రక్తం తీయించాలంటే పైదవడకు ఉచ్చు బిగించి ఇద్దరు పట్టుకోవాలి. ఒకటి అరిస్తే షెడ్డంతా బెదిరిపోతుంది. గదిలో తాడు కట్టి, పందులు నమిలాక పిండిన లాలాజలంతో పరీక్ష చేయవచ్చని విన్నాను. నిజమేనా? ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ కూడా తెలుస్తుందా?
– ఒక రైతు, ఏలూరు జిల్లా

జవాబు: నిజమే. నోటి నీటిలో లాలాజలంతో పాటు చిగుళ్ల సందుల్లో ఊరే రక్తద్రవమూ కలుస్తుంది కాబట్టి వైరస్ ఆనవాళ్లు, ప్రతిరక్షకాలు (రోగంతో పోరాడేందుకు ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు) రెండూ అందులో దొరుకుతాయి. అమెరికాలో పీఆర్ఆర్ఎస్ (పందుల్లో ఈసుకుపోవడం, శ్వాస ఇబ్బంది తెచ్చే వైరస్ రోగం), సర్కోవైరస్ (పంది పిల్లలను చిక్కిపోయేలా చేసే వైరస్), ఇన్‌ఫ్లూయెంజాలపై నిఘాకు ఈ పద్ధతిని విరివిగా వాడుతున్నారు. పీఆర్ఆర్ఎస్ మనకూ కొత్తేమీ కాదు, 2013లోనే మిజోరంలో బయటపడింది.

తాడు కట్టే ముందు ప్రయోగశాలకు ఫోను చేసి, లాలాజలం తీసుకుంటారో లేదో, ఏ రోగానికి పరీక్షిస్తారో కనుక్కోండి. రక్తరసం (సీరం) కోసం తయారైన కిట్‌తో లాలాజలాన్ని పరీక్షిస్తే ఫలితం తప్పుగా రావచ్చు. చాలామంది ఈ మాట అడగకుండానే సీసాలు పట్టుకుని బయలుదేరతారు.

రంగు వేయని నూలు తాడు, బొటనవేలంత లావుది తీసుకోండి. ఉదయం పందులు చురుకుగా ఉన్నప్పుడు, కొస వాటి భుజం ఎత్తుకు వచ్చేలా కట్టి, చివర పేటలు విప్పండి. ఇరవై, ముప్పై పందులకు ఒక తాడు చాలు. మొదటిసారి వాసన చూసి వదిలేస్తాయి. రెండోసారికి పోటీపడి నములుతాయి. పాలు తాగే పిల్లలు మాత్రం సరిగా నమలవు. 20–30 నిమిషాలయ్యాక తడి కొసను శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలో దూర్చి, పై నుంచి కిందికి గట్టిగా పిండండి. సంచి మూల కత్తిరించి ద్రవాన్ని సీసాలోకి వంచండి. అయిదు మిల్లీలీటర్లు వచ్చినా సరిపోతుంది. దాణా, పేడ ఎక్కువగా అంటితే పీసీఆర్ పరీక్షకు (వైరస్ జన్యు పదార్థాన్ని పట్టే పరీక్ష) అడ్డుపడతాయి. గది మారితే తాడు, చేతి తొడుగులు మార్చాల్సిందే. సీసాపై గది సంఖ్య, తేదీ రాసి ఐస్ పెట్టెలో ఆ రోజే పంపండి.

ఫలితం గదికి సంబంధించినది, ఏ పందికి రోగముందో చెప్పదు. పాజిటివ్ వస్తే ఆ గదిలో విడివిడిగా రక్తం తీయక తప్పదు. క్లాసికల్ స్వైన్ ఫీవర్ (పందులకు వచ్చే మరో వైరస్ జ్వరం) టీకా వేయించి ఉంటే, ఆ ప్రతిరక్షకాలు కనబడినంత మాత్రాన రోగమున్నట్టు కాదు.

ఇక ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో మొదట కనిపించిన ఈ రోగానికి మన దేశంలో ఇంకా టీకా అందుబాటులో లేదు. జ్వరంతో మూలిగే పంది తాడు దగ్గరకే రాదు. నమిలేవి ఎక్కువగా ఆరోగ్యంగా ఉన్నవే. పాతిక పందుల్లో ఒకదానికే సోకితే తాడు పట్టుకోలేకపోవచ్చు. కాబట్టి మేత మానేసి, చెవులు, పొట్ట కింది చర్మం ఎర్రగానో నీలంగానో మారి, పందులు వరుసగా చనిపోతుంటే తాడు మాట మరిచిపోయి వెంటనే పశువైద్యాధికారికి తెలపండి. వారు రక్తం, చనిపోయిన పంది ప్లీహం సేకరిస్తారు. మీరు మాత్రం కళేబరాన్ని కోయకండి, నెత్తురు పడిన చోటల్లా వైరస్ మిగులుతుంది. ఉన్న పందులను అమ్మకండి, బయటి మనుషులను షెడ్డులోకి రానివ్వకండి. హోటళ్ల మిగులు తిండి వేస్తుంటే ఆపేయండి. మానలేకపోతే కలుపుతూ కనీసం 90 డిగ్రీల వేడిలో గంటసేపు ఉడికించాకే పెట్టండి.