ట్యూషన్ పిల్లల ఆటగంట గురించి

చి.సౌ. అమ్మాయికి,

ఆశీస్సులు. బడి విడిచాక ఒకటి నుంచి అయిదో తరగతి దాకా 18 మంది పిల్లల్ని రాత్రి ఏడింటి వరకు చూసుకుంటానని, ఇంటి వెనక 40 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు జాగా ఉందని రాశావు. ఆ జాగా చాలు. ఆటకు రోజూ 40 నిమిషాలు పెట్టానన్నావు చూడు, దాని గురించే నాకు చెప్పాలని ఉంది.

ఒకే బంతి, ఒకే వరుస పెట్టి ఆడించావనుకో. ఒక్కొక్కరి వంతు 20 సెకన్లు. 18 మంది పూర్తయ్యేసరికి 6 నిమిషాలు. అంటే 40 నిమిషాల్లో ఒక్కో బిడ్డకు ఆరేడు వంతులు, మొత్తం కలిపితే రెండు నిమిషాల చిల్లర. మిగతాదంతా నిలబడటం, తోసుకోవడం, కొట్లాట. పిల్లల అల్లరి చాలావరకు ఆ వరుసలోనే పుడుతుంది. అందుకని మొదటి వారం రోజుకొక బిడ్డను ఎంచుకుని, వాళ్లకు తెలియకుండా పది నిమిషాలు గడియారం పట్టుకుని చూడు. కాళ్లు కదిలిన సేపే రాసుకో. అందులో సగం కూడా రాకపోతే ఆటను మార్చాలి గానీ పిల్లల్ని కాదు.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు వారం మొత్తం మీద రోజుకు సగటున కనీసం 60 నిమిషాల శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. శ్రమ అంటే ఏ పాటిదో తెలుసుకోవడం తేలికే. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. వారానికి మూడు రోజులైనా అంతకన్నా గట్టిగా రొప్పేలా పరిగెత్తాలి, ఎముకకు బలమిచ్చే గెంతులూ ఉండాలి. తొక్కుడుబిళ్ల, తాడాట ఇందుకు బాగా పనికొస్తాయి.

ఇక ‘అవుట్’ సంగతి. పరుగు తక్కువున్న బిడ్డే ముందు అవుటవుతాడు, గోడ పక్కన ఎక్కువసేపు కూర్చునేదీ వాడే. ఆట అవసరం అందరికన్నా వాడికే ఎక్కువ కదా! అందుకే బయటికి పంపే నియమాన్ని తీసేయి. నేలా-బండలో దొంగ మారుతుందే తప్ప ఎవరూ బయటికి పోరు. నాలుగు స్తంభాలాటకు స్తంభాలే అక్కర్లేదు. సుద్దముక్కతో 12 అడుగుల చదరంలో అయిదు గుండ్రాలు గీసి ఆరుగురిని వదులు. అలాంటివి మూడు నీ జాగాలో పక్కపక్కనే పడతాయి, 18 మందీ ఒకేసారి ఆడతారు.

ఖోఖో అసలు కోర్టు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. నీకు అంత లేదు కాబట్టి పొడవునా రెండు వరుసలు పెట్టు. ఒక్కో వరుసలో ఆరేసి అడుగుల దూరంలో అయిదుగురు కూర్చుంటారు, ఒకరు తరుముతారు, ముగ్గురు పరిగెడతారు. దొరికిన వాళ్లను బయటికి పంపకు, ఎన్నిసార్లు అంటారో లెక్కపెట్టించు. 90 సెకన్లకోసారి పరిగెత్తే ముగ్గుర్నీ మార్చెయ్. అంతకన్నా సాగదీస్తే కూర్చున్నవాళ్లు మట్టిలో బొమ్మలు గీసుకుంటారు. ఏడుపెంకులాటకు రబ్బరు బంతి వద్దు, దగ్గర్నుంచి తగిలితే చిన్నవాళ్లు మళ్లీ ఆటకు రారు. పాత సాక్సులో గుడ్డపేలికలు కుక్కి మూతి కుట్టేయి.

తాడు పొడవు బిడ్డను బట్టి ఉండాలి. తాడు నడుమ ఒక పాదంతో తొక్కిపట్టి రెండు కొసలూ పైకి లాగితే చంకల దాకా రావాలి. ఎక్కువైతే కాళ్లకు చుట్టుకుంటుంది, పిల్ల తనకు రాదనుకుని వదిలేస్తుంది.

జట్లు పంచే పని పెద్ద పిల్లలకు ఇవ్వకు. రోజూ ఆ ఇద్దరే చివర మిగులుతారు. సరి, బేసి అంకెలు చెప్పించి విడదీయి. నాలుగు, అయిదు తరగతుల ఆడపిల్లలు గెంతే ఆటలకు వెనకాడుతుంటే, యూనిఫాం స్కర్టు వల్లేమో చూడు. ట్రాక్ ప్యాంటు సంచిలో పెట్టి పంపమని తల్లులకు చెప్పు. ఆడనన్న బిడ్డను స్కోరు రాయమని కూర్చోబెట్టడం చాలామంది చేస్తారు, అది వద్దు. తనకు నచ్చిన తోడునిచ్చి రెండు నిమిషాలే ఆడమను. హోంవర్కు చేయలేదని ఆట మానిపించడం, తప్పు చేశారని గుంజీళ్లు తీయించడం, రౌండ్లు కొట్టించడం అసలే వద్దమ్మా. ఒళ్లు కదపడమంటే శిక్ష అని ఆ వయసులో పాతుకుపోతే పోగొట్టడం కష్టం.

వేళ కాలాన్ని బట్టి మార్చుకో. కార్తీక, మార్గశిరాల్లో అయిదున్నర ప్రాంతాల పొద్దు వాలిపోతుంది. ముందు హోంవర్కు పెడితే ఆట మిగలదు. తల్లిదండ్రులు అడిగితే ఇదే చెప్పు. రాగానే నీళ్లు, గుప్పెడు మరమరాలో ఉడికించిన శనగలో సగం అరటిపండో పెట్టి, పావుగంట ఆగి వదులు. బజ్జీలు తిని పరిగెడితే కడుపు పట్టేస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో తిరగేసి ముందు చదువు పెట్టు. అరచేతి వెనకవైపు నేలకు ఆనించి అయిదు సెకన్లు ఉంచలేకపోతే పిల్లల్ని దింపకు. ఒంటిపూట బడుల రోజుల్లో మధ్యాహ్నమే వస్తారు, అప్పుడూ ఎండ తగ్గాకే ఆట. ఏ కాలమైనా 20 నిమిషాలకోసారి ఈల వేసి అందరిచేతా నాలుగు గుక్కల నీళ్లు తాగించు.

టైల్స్ మీద సాక్సులతో పరిగెత్తనివ్వకు, జారతారు. వట్టికాళ్లే నయం. వానొచ్చిందని సెల్లారు పార్కింగులోకి తీసుకెళ్లకు. స్తంభాల చాటునుంచి వచ్చే పిల్ల కారు నడిపేవాళ్లకు కనబడదు. పాత టైర్లు తెస్తానన్నావు, మంచిదే. కింది వైపు రెండు మూడు చిల్లులు పెట్టించు, లేదా మట్టితో నింపు. నీళ్లు నిలిస్తే డెంగీ దోమ అక్కడే పెరుగుతుంది, పైగా అది పొద్దువాలే ముందు ఎక్కువ కుడుతుంది. సరిగ్గా మీ ఆటవేళకే.

ఉబ్బసం ఉన్న బిడ్డ ఇన్‌హేలర్ పుస్తకాల సంచిలో ఉంటే లాభం లేదు. ఆడేచోటే, నీ చేతికందేలా ఉండాలి. ఆటకు ముందు వాడాలా వద్దా అన్నది డాక్టరుగారితో కాగితం మీద రాయించి తెమ్మను. తలకు దెబ్బ తగిలితే చిన్నదైనా ఇంట్లోవాళ్లకు చెప్పు. వాంతి, మగత, తడబడే మాట, పెరిగే నొప్పి – వీటిలో ఏది కనిపించినా ఆ క్షణమే ఆసుపత్రికి. శాశ్వత దంతం ఊడిపోతే వేరు ముట్టుకోకుండా తెల్లటి భాగం పట్టుకుని, రుద్దకుండా, చల్లటి పాలల్లో వేసుకుని అరగంటలోపు పళ్ల డాక్టరు దగ్గరుండాలి. పాలపన్నును తిరిగి పెట్టే ప్రయత్నం చేయకు.

మొదటి రెండు వారాలు మూడు ఆటలే పట్టుకో: నేలా-బండ, నాలుగు స్తంభాలు, తాడాట. రోజుకో కొత్త ఆటంటే నియమాలు చెప్పడానికే పది నిమిషాలు పోతాయి. పిల్లలకు చేయి తిరిగాక ఖోఖో మొదలుపెట్టు. వరుసలు గీసే ముందు జాగా కొలతలు, చెట్టుగానీ కుళాయిగానీ ఎక్కడున్నాయో ఒక కాగితం మీద గీసి పంపు, చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ డ్రిల్లు మాస్టారు