ముగ్గురు నోరికోలు వేరు వేరు మనుషులండీ

జపాన్ సినిమా ‘లేట్ స్ప్రింగ్’ (1949)లో తండ్రి దగ్గరున్న నోరికో, ‘టోక్యో స్టోరీ’ (1953)లో కోడలెలా అయింది, మధ్యలో ఏ భాగమైనా మిస్సయ్యానా అని అడిగారు కదా. ఏమీ మిస్ కాలేదండీ. దర్శకుడు యసుజిరో ఓజు తీసిన ఇవి విడివిడి కథలు. పాత్ర పేరు ఒకటే, నటి సెట్సుకో హారా కూడా ఒకరే. పైగా మొదటి దాంట్లో తండ్రిగా వేసిన చిషూ ర్యూయే తర్వాత దాంట్లో మామగారు, అందుకే ఈ తికమక.

వీటి మధ్య 1951లో వచ్చిన ‘ఎర్లీ సమ్మర్’ మాత్రం తప్పకుండా చూడండి. అందులో చిషూ ర్యూయే నోరికోకి అన్నయ్య! ఇంట్లోవాళ్లు పెద్ద సంబంధం ఒకటి చూస్తుంటే, నోరికో ఎవరినీ అడక్కుండా, భార్య పోయి చిన్నపాప ఉన్న డాక్టర్ని చేసుకుంటానని అతని తల్లికి మాటిచ్చేస్తుంది. ఇంటిల్లిపాదీ నివ్వెరపోతారు. ముగ్గురిలో నాకు ఈ నోరికో అంటేనే ఎక్కువ గౌరవం.