మత్సుయామాలో మేష్టారు కాబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవించి రాసేది.

ఏప్రిల్లో జపాన్‌లోని మత్సుయామాలో జూనియర్ హైస్కూల్లో ఇంగ్లిషు సహాయ ఉపాధ్యాయుడిగా చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. పాఠం ఎలా చెప్పాలో బడివాళ్లే నేర్పుతారు. నీ బేస్‌బాల్ పిచ్చిని అక్కడ ఎలా నిలుపుకోవాలో, దాంతో ఊళ్లో మనిషివి ఎలా అవ్వాలో మాత్రం నేను రాస్తాను. మైదానంలోకి కోచ్‌లా వెళ్లకు, పనిలో సాయం పట్టేవాడిలా వెళ్లు. మిగతాదంతా దాన్నిబట్టే నడుస్తుంది.

ఆటంటే ఇష్టపడే విదేశీ మేష్టారు అక్కడివాళ్లకు కొత్తేమీ కాదు. జపాన్‌కు ఈ ఆటను 1872లో తెచ్చినవాడు టోక్యోలో పాఠాలు చెప్పుకునే హొరేస్ విల్సన్ అనే అమెరికన్ మేష్టారే. మత్సుయామాలో పుట్టిన కవి మసావొకా షికి ఆ ఆటను సొంత ఊరికి తెచ్చి, బ్యాటరుకూ రన్నరుకూ జపనీస్ మాటలు కట్టాడు. ఇద్దరినీ అక్కడి బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. షికి పేరు ఎత్తితే స్టాఫ్ రూములో ముసలి మేష్టార్లు కూడా కుర్చీ నీవైపు తిప్పుతారు.

ముందు అనుమతి. బడి బేస్‌బాల్ క్లబ్బు బాధ్యత చూసే మేష్టారిని ‘కొమోన్’ అంటారు. నేరుగా ఆయన దగ్గరికి వెళ్లకుండా ఉప ప్రధానోపాధ్యాయుడి చెవిన వేసి, ఆ తర్వాత కొమోన్‌ను అడుగు. నిన్ను పెట్టుకున్నది ఏజెన్సీ అయితే వాళ్లనూ అడగాలి. పని గంటల తర్వాత మైదానంలో దెబ్బ తగిలితే బీమా వర్తిస్తుందో లేదో కాగితం మీద తెలుసుకో. ఎవరైనా డబ్బిచ్చి కోచింగ్ చెయ్యమంటే, ఇమిగ్రేషన్ అనుమతి లేకుండా ఒప్పుకోకు. ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం జూనియర్ హైస్కూలు క్లబ్బులకు వారంలో రెండు రోజులైనా సెలవు ఉండాలి, మామూలు రోజుల్లో సాధన సుమారు రెండు గంటలే. కాబట్టి మొదటి నెల వారానికి రెండు రోజులు చాలు. రోజూ వస్తానని ఊపులో చెప్పి జూన్‌కల్లా మానేసే కంటే ఆ రెండు రోజులూ తప్పకుండా కనిపించడం మేలు.

మైదానం గీత దాటేటప్పుడు టోపీ తీసి తల వంచు, పిల్లలూ అదే చేస్తారు. నేల మీద పెట్టిన బ్యాట్ల మీదుగా దాటకు. సుద్దగీత తొక్కకు.

ఇక నేల పని. ఇది బాగా నేర్చుకో. ‘టోంబో’ అంటే తూనీగ. పొడుగాటి కర్రకు అడ్డంగా పలక బిగించిన పరికరం చూడ్డానికి అలా ఉంటుందని ఆ పేరు. సాధన అయ్యాక పిల్లలంతా దాంతో మట్టి సర్దుతారు. ముందు ఎక్కడ గుంత పడిందో చూడు. బ్యాటరు నిలబడేచోట, బంతి విసిరే పిచ్చరు కాలు ఈడ్చేచోట, బేస్‌ల ముందు తప్పకుండా ఉంటుంది. గుంతలోంచి ఎగిరిన మట్టి చుట్టుపక్కలే ఉంటుంది, దాన్ని టోంబోతో తోసి తిరిగి గుంతలోకి చేర్చి, కొంచెం నీళ్లు చల్లి, కాలితో గట్టిగా తొక్కు. ఆ తర్వాతే నున్నగా లాగడం. లాగేటప్పుడు వెనక్కి నడువు, లేకపోతే నీ అడుగులు నువ్వే వదిలిపోతావు. గడ్డి అంచువైపు మాత్రం ఎప్పుడూ లాగకు. రోజూ చారెడు మట్టి అంచుకు చేరితే ఏడాదికి అక్కడ చిన్న గట్టు లేస్తుంది. బంతి ఆ గట్టుకు తగిలి పిల్లవాడి ముఖం మీదికి లేస్తుంది. అందుకే అంచు నుంచి లోపలికి లాగాలి. వాన పడ్డాక తొందరపడి టోంబో పట్టకు. తడి మట్టిని కదిపితే ఎండాక గడ్డలు కడుతుంది. స్పాంజితో నీళ్లు బకెట్లోకి పిండి, పైపొర ఆరేదాకా ఆగు.

తర్వాత బంతులు అందించడం. కోచ్ పొడుగు బ్యాటుతో పిల్లలకు బంతులు కొట్టి పట్టించడాన్ని ‘నొక్కు’ అంటారు. బ్యాట్ తిరిగే దారికి దూరంగా నిలబడి, ఆయన చెయ్యి చాపినప్పుడల్లా ఒక్కో బంతి అందించు. ఆయన లయ పట్టుకున్నావంటే సగం పని అయినట్టే. బ్యాటింగ్ సాధనలో బంతులు ఏరేటప్పుడు హెల్మెట్ పెట్టుకో, వల వెనక ఉన్నాను కదా అనుకోవద్దు.

నువ్వు చిన్నప్పటి నుంచీ క్రికెట్ ఆడినవాడివి. అది కొంత సాయం, కొంత అడ్డం. జూనియర్ హైస్కూల్లో రబ్బరు బంతి వాడతారు, 138 గ్రాములు. క్రికెట్ బంతి 156 గ్రాముల పైనే కాబట్టి ఇది చేతికి తేలిగ్గా తోస్తుంది. తేలిగ్గా ఉందని మొదటి రోజే బలం కొద్దీ విసిరితే మోచెయ్యి పట్టేస్తుంది. పది మీటర్ల దూరంలో మొదలుపెట్టి ముప్పై విసుర్లతో ఆపు. వారానికి కొంచెం చొప్పున దూరం పెంచు. సీమ్‌కు అటూ ఇటూ నిలువుగా వేళ్లు పెట్టడం నీకు అలవాటు. ఇక్కడ చూపుడువేలూ మధ్యవేలూ కుట్టు గీతలకు అడ్డంగా పెట్టాలి, లేకపోతే బంతి పక్కకు జారుతుంది. గురి ఎదుటివాడి గుండె. వికెట్ల మీదికి విసిరినట్టు నేలబారుగా పంపకు.

గ్లవ్ కుడిచేతి వాటంవాళ్లకు ఎడమచేతికి. రబ్బరు బంతి గ్లవ్ తోలు పలచన, హైస్కూలు గట్టి బంతికి ఆగదు, కొనేటప్పుడు ఏ బంతికో చెప్పి అడుగు. కొత్తది బిర్రుగా ఉంటుంది. లోపల బంతి పెట్టి తాడుతో కట్టి రాత్రంతా ఉంచు, నూనె పలచగా ఒక్క పూతే. ఎక్కువైతే తోలు బరువెక్కి వేలాడుతుంది. బంతి నడుం పైన వస్తే వేళ్లు పైకి, కింద వస్తే కిందికి. క్రికెట్లోలా అరచేతిలో పట్టి వెనక్కి లాక్కోకు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న అల్లికలో పడనిచ్చి, రెండో చెయ్యి పక్కనే ఉంచు. రబ్బరు బంతి నేల మీద ఎత్తుగా లేస్తుంది. అది వచ్చేదాకా నిలబడితే తల మీదుగా పోతుంది, ఒక అడుగు ముందుకే వెయ్యి.

బ్యాటింగులో రెండు తప్పులు అందరు క్రికెటర్లూ చేస్తారు. ఒకటి, బ్యాట్ పట్టుకునే పరుగెత్తడం. మెల్లగా నేలన వదిలెయ్యి, విసిరితే వెనకున్న క్యాచర్‌కు తగులుతుంది. రెండోది లేట్ కట్. మైదానం తొంభై డిగ్రీలే, వెనక్కి పోయిందంతా ఫౌల్, పరుగు రాదు.

స్కోరు పుస్తకం రాయడం నేర్చుకుంటే నీకు డగౌట్‌లో, అంటే జట్టు కూర్చునేచోట, చోటు దొరికినట్టే. బడుల్లో ఎక్కువగా వాసెదా అనే పద్ధతి వాడతారు. ఒక్కో బ్యాటరు వంతుకు ఒక్కో గడి, దాన్ని నాలుగు మూలలుగా చూడు: కింది కుడి మూల ఫస్ట్ బేస్ ప్రయాణం, అక్కడి నుంచి గడియారం ముల్లుకు వ్యతిరేక దిశలో తిరగాలి. ఆటగాళ్లకు అంకెలు, పిచ్చర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ కాసేవాడు 3, సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6. షార్ట్‌స్టాప్ ఆపి ఫస్ట్‌కు విసిరి ఔట్ చేస్తే 6-3. గడి మధ్యలో ఎన్నో ఔటో రోమన్ అంకె. పెన్సిలే వాడు.

అక్కడ ‘డెడ్ బాల్’ అంటే బంతి ఒంటికి తగలడం, ‘ఫోర్ బాల్’ అంటే వాక్, నాలుగు చెడ్డ బంతులు పడితే బ్యాటరుకు ఊరికే ఫస్ట్ బేస్ దక్కడం. అమెరికాలో అలా అనరని మైదానంలో దిద్దకు. కావాలంటే తరగతిలో దాన్నే పాఠం చేసుకో.

జులైలో హైస్కూలు జట్ల జిల్లా పోటీలు మీ ఊరి బొచ్చాన్ స్టేడియంలో చూడు. నలభైతొమ్మిది జట్లు ఆగస్టులో కోషియెన్ స్టేడియంలో జరిగే దేశవ్యాప్త పోటీకి వెళ్తాయి, మీ ఎహిమె జిల్లా నుంచి ఒక్కటే. ఎండ సూచీ (వేడి, తేమ కలిపి కట్టే అంకె, WBGT అంటారు) 31 దాటితే ఆటలు ఆపాలన్నది అక్కడి క్రీడాసంఘం మాట, చూసేవాళ్లకూ అది వర్తిస్తుందనుకో. చల్లటి బార్లీ టీ, తడి తువ్వాలు, టోపీ దగ్గరుంచుకో. మీ బడిలో మూడో ఏడాది పిల్లలకు వేసవి ఓటమే ఆఖరి ఆట. వాళ్లు ఏడుస్తుంటే ఓదార్పు మాటలు వెతకకు. సంచులు మొయ్యి, టోంబో పట్టు.

వృత్తి జట్టు ఆట చూడాలంటే హిరోషిమా వెళ్లు. మత్సుయామా రేవు నుంచి వేగం పడవ సుమారు డెబ్భై నిమిషాలు. పగటి ఆటకే టికెట్టు తీసుకో, రాత్రి ఆట అయ్యేసరికి తిరుగు పడవ ఉండదు. అక్కడి జట్టు కార్ప్ టికెట్లు త్వరగా అయిపోతాయి. ఎదుటి జట్టు రంగు వేసుకుని వాళ్ల మధ్య కూర్చోకు. మన జట్టు బ్యాటింగప్పుడే లేచి పాడతారు, ఎదుటివాళ్లది వస్తే కూర్చుంటారు. ఈల వినిపిస్తే ఫౌల్ బంతి వస్తోందని, తల ఎత్తు.

తిండి బయటి నుంచి తీసుకెళ్లొచ్చు, గాజు సీసాలూ పానీయాల రేకు డబ్బాలూ కుదరవు. నువ్వు శాకాహారివి, అక్కడి కూరల్లో రసం చాలావరకు చేపతో కాచిన ‘దాషీ’ చారే. పులిహోర కట్టుకెళ్లు. వాళ్ల బియ్యం జిగురు, కాబట్టి నాలుగుసార్లు కడిగి, కప్పుకు కప్పు నీళ్లకే వండు. వెంటనే పళ్లెంలో పరిచి నూనె చుక్క వేసి పూర్తిగా చల్లారనిచ్చాకే చింతపండు గుజ్జు కలుపు. వేడిమీద కలిపితే ముద్దైపోతుంది. కొంచెం ఎక్కువే చెయ్యి, పక్క సీటువాళ్లు అడుగుతారు.

గ్లవ్ కొన్నాక వేలి కొలతలు సరిపోయాయో లేదో రాయి.

ఇట్లు,
మీ మామయ్య