నష్టం ‘కలిగితే’నా, ‘కలిగిస్తే’నా?

సందేహం: మేం హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు ఒకే ఇంట్లో కిరాయికి ఉండి ఈ మధ్యే ఖాళీ చేశాం. ఓనరు గారు అడ్వాన్స్ తిరిగి ఇవ్వకుండా ఒక లిస్టు పంపారు. ‘వంటింటి గోడలు పాడుచేయబడినవి, బాత్రూమ్ తలుపు పాడుచేయబడినది, కొళాయిలు పాడుచేయబడినవి’ అంటూ ఉంది. వాష్ బేసిన్ అంచు, హాలు గోడలో టీవీ కోసం వేసిన రంధ్రాలు కూడా అందులో ఉన్నాయి. అన్నీ వాడకంలో అరిగినవే అని మేం అంటున్నాం, నష్టం అని ఆయన అంటున్నారు. ఒప్పంద పత్రంలో ఇలా ఉంది: ‘ఇంటికి ఏ విధమైన నష్టము కలిగినను అద్దెదారుడే భరించవలెను. ఖాళీ చేయునపుడు ఇంటిని యథాస్థితిలో అప్పగించవలెను.’ యథాస్థితి అంటే కొత్త ఇల్లులా చేసి ఇవ్వడమా? ‘వేర్ అండ్ టేర్’కు సరైన తెలుగు మాట అరుగుదలా, తరుగుదలా? అద్దెదారా, అద్దెదారుడా? మరమ్మతా, మరమ్మత్తా? (ఒక పాఠకురాలు)

సమాధానం: మీ పత్రంలోని ‘కలిగినను’ దగ్గర మొదలుపెడతాను. గొడవకు మూలం ఆ ఒక్క మాటలోనే ఉంది.

కలుగు అంటే దానంతట అది సంభవించడం. కలిగించు అంటే ఒకరు చేయడం వల్ల సంభవించడం. ‘నష్టము కలిగించినచో భరించవలెను’ అని ఉంటే, మీరు చేసినదానికి మీరు బాధ్యులు. అందులో అన్యాయం ఏమీ లేదు. ‘నష్టము కలిగినను’ అని ఉన్నప్పుడు మాత్రం వాక్యంలో చేసినవారెవరూ లేరు. పై అంతస్తులో పైపు పగిలి మీ గోడ నానినా, వరద నీళ్లు వచ్చి తలుపులు ఉబ్బినా, భవనం కుంగి గోడ బీటలు వారినా నష్టం ‘కలిగినట్టే’. వాటన్నిటికీ మీరే డబ్బు కట్టాలని ఆ వాక్యం అంటోంది. రాసినవారి ఉద్దేశం అది కాకపోవచ్చు. ఈ పత్రాలు చాలావరకు ఒకే నమూనాలో ఉంటాయి. టైపు చేసేచోట పేర్లూ అంకెలూ మార్చి ఇస్తారు, సంతకం పెట్టేవారు అద్దె ఎంతో చూసుకుంటారు, మిగతాది చదవరు. కానీ గొడవ వచ్చిన రోజున ఇద్దరూ వేలు పెట్టి చూపించేది ఆ మిగతా భాగాన్నే. అందుకే ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషిస్తున్నాను.

ఈ విషయంలో తెలుగు క్రియలు చాలా నిక్కచ్చిగా ఉంటాయి. విరిగింది, విరిచారు. చిరిగింది, చించారు. పగిలింది, పగలగొట్టారు. ఊడింది, ఊడదీశారు. మాసింది, మాపారు. కాలింది, కాల్చారు. అరిగింది, అరగదీశారు. ప్రతి జంటలోనూ మొదటిది అకర్మకం, వస్తువుకు ఏమైందో చెప్పి ఊరుకుంటుంది. రెండోది సకర్మకం, చేసినవారిని చూపిస్తుంది. ఇంటి అప్పగింత తగవుల్లో తేలాల్సిన విషయమూ ఇదే కదా: దానంతట అది అయిందా, ఎవరైనా చేశారా?

ఇక ‘పాడుచేయబడినది’ సంగతి. కర్మణి వాక్యంలో కర్త కనిపించడు కాబట్టి అది మర్యాదగా, ఎవరినీ వేలెత్తి చూపనట్టు ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ‘బడు’ సాధారణంగా సకర్మక క్రియకే చేరుతుంది. ‘పాడుచేయబడినది’ అనగానే పాడుచేసినవారు ఒకరున్నారని ఒప్పుకున్నట్టే. ఇంట్లో తొమ్మిదేళ్లు ఉన్నది మీరు కాబట్టి ఆ ఒకరు మీరే అవుతారు. ‘పాడైంది’ అని రాసి ఉంటే ఆ అభియోగం ఉండదు. మీ ఓనరు గారు కావాలనే అలా రాశారని నేను అనను. కాగితం మీద రాసేటప్పుడు ‘బడినది’ అంటేనే గంభీరంగా ఉంటుందని మనకు అలవాటైంది, అంతే. అయినా అర్థం మాత్రం మారిపోయింది, దాన్ని మీరు గట్టిగానే అభ్యంతర పెట్టవచ్చు.

అయితే ఈ కొలతబద్ద మీ వైపు కూడా పెట్టి చూడాలి. ‘అన్నీ వాడకంలో అరిగినవే’ అన్నారు. వాష్ బేసిన్ పింగాణీ. చేతులు కడుక్కున్నంత మాత్రాన దాని అంచు పగలదు, ఏదో ఒకటి దాని మీద పడి ఉండాలి. ‘గ్లాసు పగిలింది’, ‘చెయ్యి జారింది’ అని అకర్మకంలో చెప్పుకోవడం మనందరి ఇళ్లలో ఉన్నదే. పొరపాటున జరిగినదాన్ని నేరంగా చూడకుండా ఉండడానికి అది మంచి పద్ధతి. కానీ ఖర్చు ఎవరిదో తేల్చేచోట ఆ వాక్యం సరిపోదు. గోడ రంధ్రాల సంగతి ఇంకా స్పష్టం. రంధ్రాలు పడలేదు, డ్రిల్లు తెప్పించి మీరు వేయించారు. క్యాలెండరు మేకు వేరు, టీవీ బిగించడానికి వేసిన లోతైన రంధ్రాలు వేరు. ఈ రెండూ మీ ఖాతాలోనివేనని ముందే ఒప్పుకుంటే మిగతా మూడింటి మీద మీ మాటకు బలం వస్తుంది.

ఆ మూడింటినీ దగ్గరగా చూద్దాం. వంటింటి గోడ: పొయ్యి వెనక నూనె జిడ్డు పట్టింది, తాలింపు పొగకు పైభాగం మాసింది. కొళాయిలు: బోరు నీళ్లకు గార కట్టింది, లోపల వాషర్ అరిగి నీళ్లు కారుతున్నాయి. తలుపు: అడుగున తడికి ఉబ్బి పొరలు లేచాయి. ఈ క్రియలను గమనించండి. జిడ్డు పట్టడం, తుప్పు పట్టడం, బూజు పట్టడం, చెద పట్టడం, గార కట్టడం, చెమ్మ ఎక్కడం. ఈ వాక్యాల్లో కర్త లేకపోలేదు. తుప్పే కర్త, చెదే కర్త. ఇనుముకు తుప్పు పట్టడానికి మనిషి ఏమీ చేయనక్కర్లేదని భాషే చెబుతోంది. ఇవన్నీ మామూలుగా అరుగుదల కిందికే వస్తాయి.

‘మామూలుగా’ అని ఎందుకన్నానంటే, మనకు మరో క్రియారూపం ఉంది: పట్టనిచ్చారు, నాననిచ్చారు, ఉబ్బనిచ్చారు. ‘ఇచ్చు’ చేరగానే, చేయలేదు గానీ ఆపగలిగీ ఆపలేదన్న అర్థం వస్తుంది. బాత్రూమ్ పైపు నెలల తరబడి కారుతున్నా చెప్పకపోతే తలుపు ఉబ్బలేదు, ఉబ్బనిచ్చారు. కారుతోందని వెంటనే ఫోన్ చేసి చెబితే, ఆయన పట్టించుకోకపోతే, ఉబ్బనిచ్చింది ఆయన. అద్దె ఇళ్ల తగవుల్లో చాలావాటికి సరైన క్రియ ఈ మూడోదే. పత్రాల్లో మాత్రం ఇది ఎక్కడా కనిపించదు. మీరు ఎప్పుడు చెప్పారో వాట్సాప్‌లో మెసేజ్ ఉంటే వెతికి పెట్టుకోండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ‘వేర్ అండ్ టేర్’ను రెండు ముక్కలుగా విడదీసి ‘అరుగుదల, చిరుగుదల’ అని రాసినవారిని చూశాను. ఇల్లు చిరగదు, ఆ మాట వద్దు. ‘సహేతుకమైన అరుగుదల’ అన్నది అనువాదాల్లో కనిపిస్తుంది. సహేతుకం అంటే కారణంతో కూడినది. ఏ అరుగుదలకైనా కారణం ఉంటుంది కాబట్టి ఆ విశేషణం చదివేవారికి ఏమీ చెప్పదు. ‘మామూలు వాడకంలో వచ్చే అరుగుదల’ అంటే చదివినవారికీ విన్నవారికీ వెంటనే తెలుస్తుంది.

అరుగుదలే ఎందుకంటే, ‘దల’ చేరిన నామవాచకాలు ఎక్కువగా దానంతట అది జరిగేదాన్ని చెబుతాయి. పెరుగుదల, తగ్గుదల, ఎదుగుదల. దీనికి ఎదురుగా పెంపు, తగ్గింపు ఉన్నాయి, అవి ఒకరు చేసేవి. ‘అద్దెల పెరుగుదల’ అంటే ఊళ్లో అద్దెలు పెరుగుతున్నాయని, ‘అద్దె పెంపు’ అంటే మీ ఓనరు పెంచారని. అలాగే అరుగుదల ఒకటి, అరగదీయడం ఒకటి. పట్టుదల, విడుదల వంటివి ఈ వరసలో ఇమడవు గానీ మొత్తం మీద పోకడ ఇదే. పైగా అరుగు అన్న క్రియలోనే వాడకం ఉంది. చెప్పులరిగేలా తిరిగాను అంటాం. అందులో చెప్పులను పాడుచేశానన్న భావం ఉండదు. తిన్నది అరిగింది అన్నా, మెట్లు అరిగాయి అన్నా ఒకటే క్రియ. సంస్కృతంలోని జీర్ణం కూడా ఇలాగే రెండు వైపులా పనిచేస్తుంది: అన్నం జీర్ణమవుతుంది, గుడి జీర్ణమైతే జీర్ణోద్ధరణ చేస్తారు. వస్తువు దేనికోసం ఉందో ఆ పనిలో అది ఖర్చు కావడమే అరగడం. మెట్లు ఎక్కడానికే ఉన్నాయి, వంటింటి గోడ పొయ్యి వెనక నిలబడడానికే ఉంది. ఇంత నిండైన మాట చేతిలో ఉండగా వేరే మాట తయారు చేసుకోవలసిన పని లేదు.

తరుగుదల వేరు. తరగడం అంటే పరిమాణం తగ్గడం. బంగారం కొట్లో తరుగు, ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ పేరుతో తీసే తరుగు, తరగని సంపద, అన్నీ తూకానికో లెక్కకో సంబంధించినవి. ఆడిటర్లు ఆస్తి విలువ ఏటా తగ్గించి చూపడాన్ని తరుగుదల అంటారు, అది సరైన వాడుకే. ఇంటి పత్రంలో తరుగుదల అని రాస్తే ‘ఇంటి విలువ తగ్గింది, కట్టు’ అనే వాదనకు తలుపు తీసినట్టవుతుంది. రెండూ కలిపి జంటగా రాయడం చెవికి బాగుంటుంది గానీ పత్రానికి మంచిది కాదు.

యథాస్థితి గురించి మీ ఇద్దరి వాదనకూ వాడుకలో ఆధారం ఉంది. ‘యథాస్థితిని కొనసాగించాలి’ అంటే ఇప్పుడున్నది ఉన్నట్టు ఉంచమని. ‘రైళ్ల రాకపోకలు యథాస్థితికి వచ్చాయి’ అంటే మునుపటిలా అయ్యాయని. ‘యథాస్థితిలో అప్పగించవలెను’ అన్నప్పుడు ఈ రెంటిలో ఏదో తేలదు. మునుపటి స్థితి అని గట్టిగా చెప్పాలంటే ‘పూర్వస్థితి’ ఉంది, ఇంకా మంచిది ‘చేరిన నాటి స్థితి’. ఎలా చదివినా ‘కొత్త ఇల్లులా’ అన్న అర్థం మాత్రం అందులో లేదు. మీరు చేరేనాటికి గోడల రంగు ఐదేళ్ల పాతదైతే ఆ ఐదేళ్ల పాత రంగే కొలబద్ద.

ఇక్కడ మరో చిక్కుంది. 11 నెలలకే పత్రం రాసుకోవడం మన దగ్గర ఆనవాయితీ. తొమ్మిదేళ్లలో మీరు ఎన్నోసార్లు అవే వాక్యాల మీద సంతకం చేసి ఉంటారు. మరి ‘స్థితి’ ఏ రోజుది? మొదటి రోజుదా, చివరి పత్రం నాటిదా? పత్రం పలకదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ దీనికి జవాబిస్తుంది. అద్దెకున్నవారి చేతికి ఇల్లు వచ్చినప్పుడు ఎలా ఉందో అలా తిరిగి ఇవ్వాలి. మామూలు వాడకంలో వచ్చే అరుగుదల, మనిషి అడ్డుకోలేని శక్తుల వల్ల వచ్చే మార్పులు మినహాయింపు. ఒప్పందంలో ఇందుకు విరుద్ధమైన షరతు లేనప్పుడే ఇది వర్తిస్తుంది కాబట్టి, ‘కలిగినను’ లాంటి మాట ఎంత దూరం వెళుతుందో మీరే చూడండి. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలోనైతే పనుల పట్టికే ఇచ్చారు: గోడలకు సున్నం, తలుపులకూ కిటికీలకూ రంగు, పైపులు మార్చడం యజమాని వంతు. కొళాయిలు, వాటి వాషర్లు, వాష్ బేసిన్ రిపేరు, స్విచ్చులు, కిటికీ అద్దాలు అద్దెకున్నవారి వంతు. అది నమూనాయే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. కానీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడానికి మంచి ఆధారం. దాని ప్రకారం గోడలు ఆయనవి, కొళాయిలు మీవి.

తర్వాతి ఇంటికి పత్రం రాయించుకునేటప్పుడు ఈ వాక్యాలు పెట్టించండి:

‘ఇంటిని చేరిన నాటి స్థితిలో తిరిగి అప్పగించాలి. మామూలు వాడకం వల్ల, కాలం గడవడం వల్ల వచ్చే అరుగుదల, రంగు వెలిసిపోవడం, మాయడం దీనికి మినహాయింపు. అద్దెదారు గానీ వారి ఇంటివారు గానీ పగలగొట్టిన, విరగ్గొట్టిన, ఊడదీసిన వాటిని బాగుచేయించే ఖర్చు అద్దెదారుది. మరమ్మతు అవసరమని అద్దెదారు తెలియజేసిన తర్వాత ఆలస్యం వల్ల జరిగే నష్టం యజమానిది. తెలియజేయకపోవడం వల్ల జరిగే నష్టం అద్దెదారుది.’

చేరిన రోజున ప్రతి గది ఫొటోలు తీసి తేదీతో ఇద్దరి దగ్గరా ఉంచుకుంటే ‘చేరిన నాటి స్థితి’ ఏమిటో ఎవరూ వాదించనక్కర్లేదు.

అద్దెదారు చాలు. హక్కుదారు, చందాదారు, కౌలుదారు లాగే అది ఆడవారికీ మగవారికీ సరిపోతుంది. ‘డు’ చేర్చి అద్దెదారుడు అంటే, పత్రం మీద సంతకం చేసిన మిమ్మల్ని పురుషుణ్ని చేసినట్టవుతుంది. కిరాయిదారు కూడా అంతే, తెలంగాణలో అదే సహజంగా ఉంటుంది, నిస్సంకోచంగా రాయండి.

మరమ్మతు సరైన రూపం. ఉర్దూ ద్వారా వచ్చిన మరమ్మత్‌కు మన ఉకారం చేరింది, జమానతు, అమానతు లాగా. ‘మ్మ’ ఒత్తు ఉంటుంది, ‘త’కు ఒత్తు అక్కర్లేదు. గమ్మత్తు వంటి మాటల ఒరవడిలో మరమ్మత్తు అని పలికేవారు చాలామంది ఉన్నారు, మాట్లాడేటప్పుడు దాన్ని తప్పుపట్టను. రాసేటప్పుడు మరమ్మతు, బహువచనంలో మరమ్మతులు.