టెక్ సందేహాలు: ఇంజిన్ లైట్ వెలిగితే సెన్సార్ మార్చాల్సిందేనా?

ప్రశ్న: మాది ఏడేళ్ల నాటి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. వారం రోజులుగా డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగే ఉంటోంది. బండి మాత్రం మామూలుగానే నడుస్తోంది. షెడ్డులో స్కానర్ పెట్టి చూసి, పీ0171 అనే కోడ్ వచ్చిందని, ఆక్సిజన్ సెన్సార్ మార్చాలని చెప్పారు. మార్చమంటారా? అప్పటిదాకా బండి నడపవచ్చా? (కాకినాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: తొందరపడాల్సింది రెండో ప్రశ్న గురించే కాబట్టి ముందు దానికి జవాబు చెబుతాను. ఆ పసుపు దీపం నిలకడగా వెలుగుతూ, ఇంజిన్ చప్పుడులోనూ పికప్‌లోనూ తేడా ఏమీ లేకపోతే, నాలుగైదు రోజుల్లో వీలు చూసుకుని చూపించుకోవచ్చు. అదే దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం వాయిదా వేయకూడదు. ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండడం లేదని, మన మెకానిక్‌ల మాటల్లో ఇంజిన్ ‘మిస్సింగ్’ కొడుతోందని దాని అర్థం. అలా మండకుండా మిగిలిన పెట్రోలు సైలెన్సర్ దారిలో ఉండి పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతుంది. ఆ వేడికి కన్వర్టర్ లోపల ఉండే, తేనెపట్టు లాంటి గదులున్న దిమ్మ కరిగిపోయే ప్రమాదం ఉంది. ఇలాంటి మిస్సింగ్‌కు తరచూ కారణమయ్యే ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్ ప్లగ్‌కు కరెంటు పంపే భాగం) కంటే ఆ కన్వర్టర్ ఖరీదు ఎన్నో రెట్లు ఎక్కువ. ఇక ఎర్ర రంగులో కనిపించే నూనె డబ్బా బొమ్మ, థర్మామీటర్ బొమ్మ వేరే హెచ్చరికలు. అవి వెలిగితే బండిని పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపేయాలి.

ఇప్పుడు సెన్సార్ సంగతి. పీ0171 అంటే ఇంజిన్‌లో గాలి పాలు ఎక్కువై పెట్రోలు పాలు తక్కువైందని కారులోని కంప్యూటర్ గమనించిందన్న మాటే తప్ప, ఫలానా భాగం చెడిపోయిందని కాదు. ఎగ్జాస్ట్ పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచి ఆ తేడాను కనిపెట్టి చెప్పింది ఆక్సిజన్ సెన్సారే. దాన్నే ముందు మార్చడమంటే, దొంగ పడ్డాడని కేక వేసినవాణ్ణే స్టేషన్‌కు పట్టుకెళ్లడం లాంటిది. సెన్సార్ తప్పు చదువుతూ ఈ కోడ్ రావడం అసలే జరగదని అనను. అయితే దాని సర్క్యూట్‌లోనో, లోపలి హీటర్‌లోనో లోపం వస్తే చాలాసార్లు పీ0130 నుంచి పీ0135 వరకు ఉన్న కోడ్‌లలో ఏదో ఒకటి కనిపిస్తుంది. మీరు రాసినదాన్నిబట్టి అలాంటిదేమీ రాలేదు.

అసలు కారణం తెలుసుకోవడానికి అదే స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె ఉంటుంది. ఇథనాల్ కలవని పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఈ నిష్పత్తి తప్పుతోందని ఆక్సిజన్ సెన్సార్ చెప్పినప్పుడల్లా కంప్యూటర్ పెట్రోలును కాస్త పెంచుతూ, కాస్త తగ్గిస్తూ సర్దుకుంటుంది. ఆ సర్దుబాటును శాతాల్లో రాసిపెట్టేదే ఫ్యూయల్ ట్రిమ్. అప్పటికప్పుడు చేసే సర్దుబాటు ఒక అంకె, కొంతకాలంగా అలవాటుగా మారిన సర్దుబాటు మరొక అంకె. రెండూ కలిపి అటూ ఇటూ 10 శాతం లోపు ఉంటే కంగారు పడనక్కర్లేదు. కంప్యూటర్ ఎంత పెట్రోలు పెంచినా చాలక, తన హద్దు దాటాల్సి వచ్చినప్పుడే పీ0171 నమోదవుతుంది. గాలి కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సార్ ఉన్న ఇంజిన్లలో ఈ అంకె ఐడిల్‌లో బాగా ఎక్కువగా ఉండి, నిమిషానికి 2,500 చుట్లకు రేస్ చేయగానే తగ్గిపోతే, ఎక్కడో గొట్టం చీలి లెక్కలోకి రాని గాలి లోపలికి పోతోందని అనుమానించాలి. అలా కాకుండా ఘాట్ ఎక్కేటప్పుడో, హైవే మీద వేగం పెంచేటప్పుడో పెరుగుతుంటే పెట్రోల్ పంపు, ఫిల్టర్, మురికి పట్టిన ఎయిర్ ఫ్లో సెన్సార్ వైపు చూడాలి. మన దగ్గర చాలా చిన్న కార్లలో దాని బదులు మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాలు) లోపలి పీడనాన్ని కొలిచే సెన్సార్ ఉంటుంది. వాటిలో గాలి లీకేజీ ఇంత స్పష్టంగా ఈ తీరులో కనిపించదు కాబట్టి గొట్టాలను కంటితో, చేత్తో వెతకక తప్పదు.

కోడ్ నమోదైన క్షణంలో వేగం, ఇంజిన్ చుట్లు, కూలెంట్ వేడి, ఇంజిన్ మీద భారం ఎంతున్నాయో కూడా కంప్యూటర్ దాచి ఉంచుతుంది. దాన్నే ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్ చెరిపేస్తే ఇదీ పోతుంది. అందుకే ‘ముందు క్లియర్ చేసి చూద్దాం’ అనే మెకానిక్‌ను ఒక్క నిమిషం ఆగమని, ఆ తెరను ఫొటో తీసుకోండి. నా కారుకూ ఒకసారి ఈ కోడే వచ్చింది. అంతకు రెండు రోజుల ముందు ఎయిర్ ఫిల్టర్ మార్చినవాళ్లు, దాని వెనుక ఉండే రబ్బరు గొట్టానికి క్లిప్పు బిగించడం మరిచిపోయారు. స్క్రూడ్రైవర్‌తో ఆ క్లిప్పు బిగించడం తప్ప నేను చేసింది ఏమీ లేదు. మీ బండికి ఈమధ్య బానెట్ తెరిచి ఏ పని చేయించారో గుర్తు చేసుకోండి. ఎలుకలు వైర్లను, సన్నటి గొట్టాలను కొరికాయేమో కూడా చూడండి. అప్పటికీ ఏమీ దొరకకపోతే సెన్సార్ గురించి ఆలోచిద్దాం. బాగు చేశాక వరసగా మూడు డ్రైవ్ సైకిళ్లలో (ఇంజిన్ స్టార్ట్ చేసి, నడిపి, ఆపేసే ఒక్కో విడత ఒక సైకిల్) మళ్లీ తేడా రాకపోతే దీపం దానంతట అదే ఆరిపోతుంది.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో చవకగా ఒక బ్లూటూత్ ఓబీడీ పరికరం (కారు కంప్యూటర్‌లోని కోడ్‌లను ఫోన్‌లో చూపేది) కొన్నాను. మా తమ్ముడి ఆండ్రాయిడ్ ఫోన్‌తో పనిచేస్తోంది కానీ నా ఐఫోన్‌తో కలవడం లేదు. పరికరంలో లోపమా? దాన్ని కారులోనే వదిలేయవచ్చా? (విజయవాడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: లోపం కాకపోవచ్చు. ఈఎల్ఎం327 పేరుతో అమ్మే చవక పరికరాల్లో చాలావాటిలో పాత తరహా బ్లూటూత్ ఉంటుంది. యాపిల్ అనుమతి పొందని అలాంటి పరికరంతో ఐఫోన్ యాప్‌లు మాట్లాడలేవు. ‘లో-ఎనర్జీ’ రకం బ్లూటూత్ (బీఎల్ఈ) ఉన్నదో, వైఫై ఉన్నదో తీసుకుంటే సరిపోతుంది. మార్కెట్లో ఉన్నవాటిలో ఎక్కువ భాగం అసలు ఈఎల్ఎం చిప్పుకు నకళ్లు. కోడ్ చదవడానికి అవి చాలు కానీ, కొన్ని నకళ్లు కొన్ని ఆదేశాలకు సరిగా బదులివ్వవు. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ కోడ్‌లను సాధారణ యాప్‌లలో ఆశించకండి. అవి చాలావరకు కంపెనీల సొంత భాషలో ఉంటాయి.

పరికరాన్ని వదిలేయవద్దు. స్టీరింగ్ కింద ఉండే ఆ 16 పిన్నుల సాకెట్‌లో 16వ పిన్నుకు బ్యాటరీ నుంచి, తాళం తీసేసినా సరే, కరెంటు వస్తూనే ఉంటుంది. బండి కొన్ని వారాలు కదలకుండా ఉంటే బ్యాటరీ దిగిపోవచ్చు. పైగా పాస్‌వర్డ్ లేని, లేదా అందరికీ తెలిసిన 1234 పాస్‌వర్డ్ ఉన్న పరికరం పక్కన నిలబడ్డ ఎవరి ఫోన్‌తోనైనా కలుస్తుంది. మరొక మాట: మన దేశంలో ఓబీడీ-2 (ఈ కోడ్‌ల రెండో తరం ప్రమాణం) నిబంధన 2013 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు కారైతే సాకెట్ అలాగే కనిపించినా పరికరం పనిచేస్తుందన్న నమ్మకం లేదు.

ప్రశ్న: పొగ పరీక్షకు ముందు రోజు రాత్రి, క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని చెప్పే పీ0420 కోడ్‌ను యాప్‌తో చెరిపేశాను. లైట్ ఆరిపోయింది. అయినా పరీక్షలో ‘నాట్ రెడీ’ అని వెనక్కి పంపారు. ఎందుకు? (డాలస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: కోడ్ చెరిపినప్పుడు దీపంతోపాటు, ఏయే భాగాన్ని పరీక్షించి చూశానో కంప్యూటర్ రాసుకున్న పట్టికా తుడిచిపెట్టుకుపోతుంది. బ్యాటరీ తీసి పెట్టినా చాలా కార్లలో ఇదే జరుగుతుంది. డాలస్‌లో పాత పద్ధతిలో పొగను కొలవకుండా ఆ పట్టికనే చదువుతారు. 2001, ఆ తర్వాతి మోడల్ పెట్రోల్ కారులో పూర్తికాని అంశం ఒక్కటే ఉంటే ఒప్పుకుంటారు. అంతకు మించితే తిప్పి పంపుతారు. కన్వర్టర్ పరీక్ష తొందరగా పూర్తయ్యేది కాదు. చల్లటి ఇంజిన్‌తో బయలుదేరి, కొంత సిగ్నళ్ల మధ్య, కొంత హైవే మీద ఒకే వేగంతో నడుపుతూ కొన్ని రోజులు గడపాలి. మీ యాప్‌లోనే ఆ పట్టికను చూపే రెడీనెస్ పేజీ తెరిచి అన్నీ పూర్తయ్యాకే వెళ్లండి.

కానీ కన్వర్టర్ నిజంగానే బలహీనపడి ఉంటే ఆ పరీక్ష పూర్తయ్యేసరికి పీ0420 మళ్లీ వస్తుంది. కొత్త కన్వర్టర్ కొనేముందు ఎగ్జాస్ట్ గొట్టం అతుకుల దగ్గర లీకేజీ లేదని చూపించుకోండి. తర్వాత, ఇంజిన్ బాగా వేడెక్కాక కన్వర్టర్ వెనుక ఉన్న ఆక్సిజన్ సెన్సార్ వోల్టేజీని గ్రాఫ్‌లో గమనించండి. కన్వర్టర్ బాగుంటే ఆ గీత 0.6 వోల్టుల చుట్టుపక్కల పెద్దగా కదలకుండా ఉంటుంది. అలా కాక 0.1కీ 0.9కీ మధ్య మాటిమాటికీ ఎగిరిపడుతుంటే, లీకేజీ కూడా లేకపోతే, ఖర్చు కన్వర్టర్‌దే.